లేపేవాడు పడాలి

మెట్రో కంట్రోల్ సెంటర్‌లో రైళ్ళు నడిపే మెషిన్‌కి ప్రోగ్రామ్ రాసిన కెర్నెల్ మాస్టారు పై అంతస్తులో లిఫ్ట్ ఎక్కేటప్పుడు నిక్షేపంగా ఉన్నాడు. కింద తలుపులు తెరుచుకునేసరికి ప్రాణం లేదు. చేతిలో టీ కప్పు ఉన్నదున్నట్టే ఉంది, చుక్క కూడా ఒలకలేదు. చంపినవాడెవడో గానీ పని తెలిసినవాడు.

లిఫ్ట్ ఎక్కే ముందే ఆయన గూఢచారుల డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాడు. "ఇవాళ మా మెషిన్ పడిపోదు. అదే ప్రమాదం," అన్నాడు. ఇవతలివాళ్ళు "ఏమిటండీ?" అనేలోపు "లేపేవాడు పడాలి," అని పెట్టేశాడు. ఆ టేపును డిపార్ట్‌మెంట్ మహామహులంతా తలలు పట్టుకుని విన్నారు. ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు.

"పిన్నిని పిలవండి," అన్నాడు చీఫ్.

పిన్ని ఆ ఆఫీసులో ఎవరికీ పిన్ని కాదు. యాభై దాటిన ఫీల్డ్ ఏజెంటు. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రకారు అలా పిలవడం మొదలుపెడితే అదే కోడ్ నేమ్ అయి కూర్చుంది. గోడలు దూకీ దూకీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కూతురికి మాత్రం ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా.

ఆ కూతురు మెట్రో రైలు డ్రైవరు. ఆ పొద్దున్నే యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ తల్లి మీద విరుచుకుపడింది. "ఊరంతా నా రైలెక్కింది. నువ్వొక్కసారి ఎక్కావా అమ్మా? అంత తీరిక లేని కొంపలేం మునిగిపోతున్నాయి మీ ఆఫీసులో?" పిన్ని ఆమె టిఫిన్ డబ్బా మూత బిగించింది. చెప్పడానికి ఉంటేగా!

బ్రీఫింగ్ రూమ్‌లో చీఫ్ పక్కన సోడాబుడ్డి ఉన్నాడు. కళ్ళద్దాల మందం వల్ల వచ్చిన పేరది. మాస్టారి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచీ కంట్రోల్ సెంటర్ మెషిన్ కాపీ ఒకటి ముందేసుకుని తవ్వుతున్నాడు.

"కెర్నెల్ అంటే మెషిన్‌కి ఇంటిపెద్ద లాంటిది పిన్నీ. ప్రతి పనీ దాని చేతిమీదుగానే జరగాలి. ఒక్కో ఇన్‌స్ట్రక్షనూ చేసుకుంటూ పోతుంది. ఎక్కడో చదవమన్న చోట ఏమీ లేదనుకోండి, ఆ ఇన్‌స్ట్రక్షన్ ఫాల్ట్ అవుతుంది. అడుగేశాం, కింద మెట్టు లేదు. అంతే."

"పడుతుంది."

"ఎక్కడెక్కడ పడొచ్చో ముందే తెలిసిన చోట్లకి కెర్నెల్‌లో ఒక టేబుల్ ఉంటుంది. ఇక్కడ పడితే లేచి ఫలానా అడ్రసుకి పో, అని. ఆ అడ్రసులో ఉన్న కోడ్ లేపి సర్దుతుంది. టేబుల్లో లేని చోట పడితే మాత్రం లేపే దిక్కుండదు. కెర్నెల్ పానిక్. మెషిన్ చస్తుంది."

"చస్తే?"

"ప్రతి సిగ్నలూ ఎర్ర. ప్రతి రైలూ ఎక్కడిదక్కడ ఆగుతుంది. జనం తిట్టుకుంటారు. ఎవరికీ ఏమీ కాదు."

"మరింకేం?"

సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "పట్టాల మీద రైలుందో లేదో సెన్సర్ చెబుతుంది. సెన్సర్ కేబుల్ తెగితే దాన్ని చదివే ఇన్‌స్ట్రక్షన్ ఫాల్ట్ అవుతుంది. అలాంటప్పుడు 'రైలుందనే అనుకో, ఎర్ర వెయ్యి' అనే కోడ్ రాసి పెట్టారు మాస్టారు. మాస్టార్ని చంపించిన ముఠావాళ్ళు టేబుల్లో ఆ ఒక్క అడ్రసు మార్చారు. ఇప్పుడు పడినవాణ్ణి లేపేది వాళ్ళ కోడ్. అది ఏం చెబుతుందో తెలుసా? లైన్ క్లియర్."

మిగతాది చీఫ్ చెప్పాడు. సాయంత్రం ఒప్పందం మీద సంతకాలు పెట్టబోయే విదేశీ బృందం నీలం లైన్లో ప్రయాణిస్తోంది. ఆ సంతకాలు పడకుండా చూడడమే ముఠా పని. ఆ రైలు టన్నెల్లో ఆగుతుంది, కేబుల్ తెగుతుంది, వెనక రైలుకి పచ్చ లైటు పడుతుంది.

"వెనక రైలేది?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. "ఐదో నంబరు."

పిన్ని కుర్చీలోంచి లేచింది. అది కూతురి రైలు.

"రైళ్ళన్నీ ఆపించండి."

"పైవాళ్ళు ఋజువేదీ అంటున్నారు. బృందం ముందు పరువు పోతుందట."

"దానికి ఫోన్ చేస్తాను."

"డ్యూటీలో ఉన్న డ్రైవర్ల ఫోన్లు డిపో లాకర్లో ఉంటాయి. డిపోలో ముఠా మనిషెవడో మనకి తెలియదు. వాడు పసిగడితే పని ఇంకా ముందే కానిస్తాడు." చీఫ్ గొంతు తగ్గించాడు. "మెషిన్‌ని చంపాలి పిన్నీ. కరెంటు తీస్తే బ్యాటరీ ఉంది, బ్యాటరీ తీస్తే ఇంకో బ్యాటరీ ఉంది. లోపల్నుంచే చంపాలి."

సోడాబుడ్డి ఒక హెయిర్‌పిన్ అందించాడు. "కొన మెషిన్ పోర్ట్‌లో గుచ్చితే చాలు. ఇందులో ఉన్నది ఒక్కటే ఇన్‌స్ట్రక్షన్. టేబుల్లో లేని చోటికి వెళ్ళి పడుతుంది. నా జన్మలో ఇంత చిన్న ప్రోగ్రామ్ రాయలేదు."

"లోపల సెక్యూరిటీ హెడ్‌గా మనవాడు అత్తరు ఉన్నాడు," అన్నాడు చీఫ్. "తేడా వస్తే అతనికి కోడ్ చెప్పు, బయటికి తెస్తాడు. అదీ కుదరకపోతే, కుడి దవడ పన్ను సంగతి నీకు తెలుసు. బయట దొరికితే నువ్వెవరో మాకు తెలియదు."

ఆ పన్నులో విషపు గుళిక ఉంది. ఇన్నేళ్ళుగా పిన్ని ఎడమవైపే నమిలేది.

ఏసీ ఫిల్టర్లు శుభ్రం చేసే మనిషి వేషంలో, భుజాన వ్యాక్యూమ్ గొట్టంతో ఆమె సర్వర్ రూమ్‌లోకి నడిచింది. గార్డు ఆమె మొహం కూడా చూడలేదు. ఆ వయసు ఆడదాన్ని ఎవరూ రెండోసారి చూడరు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన మారువేషాలన్నిటికంటే బాగా పనిచేసింది అదే.

గది చల్లగా ఉంది. గోడ మీద పెద్ద తెర, దాని మీద రంగు గీతలు, గీతల మీద పాకే చుక్కలు. నీలం గీత మీద ఐదు అని రాసిన చుక్క మెల్లగా టన్నెల్ వైపు వస్తోంది. పిన్ని దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది. తర్వాత హెయిర్‌పిన్ తీసి మెషిన్ పోర్ట్‌లో గుచ్చింది.

తెర ఒక్కసారి వణికింది. అంతలోనే సర్దుకుంది. చుక్కలు ఏమీ ఎరగనట్టు పాకుతూనే ఉన్నాయి.

మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అదే వణుకు, అదే సర్దుబాటు. ర్యాక్ అడుగున, మోకాలి కంటే కిందగా, అగ్గిపెట్టెంత కార్డు ఒకటి పోర్ట్‌లో గుచ్చి ఉంది. దాని మీది దీపం హెయిర్‌పిన్ గుచ్చినప్పుడల్లా ఒక్కసారి మినుకుమంటోంది.

సోడాబుడ్డి కాపీ తీసిన తర్వాత వాళ్ళు టేబుల్ మళ్ళీ మార్చేశారు. ఇప్పుడు కెర్నెల్‌లో ఎక్కడ పడినా లేపేది ముఠా కోడే. ఇక ఈ మెషిన్ చావమన్నా చావదు. చేతిలోని హెయిర్‌పిన్ ఇప్పుడు జుట్టుకి తప్ప ఎందుకూ పనికిరాదు.

పిన్ని దాన్ని కొప్పులో దోపుకుంది. తలుపు దగ్గర ఇంటర్‌కమ్ నొక్కి, సెక్యూరిటీ హెడ్ కావాలంది. మనిషి కంటే ముందు సువాసన వచ్చింది. దాని వెనకే అత్తరు వచ్చాడు. ఇస్త్రీ నలగని సూటు, సినిమా పోస్టర్ మీద ఉండాల్సిన మొహం. కంట్రోల్ సెంటర్‌లో మన మనిషిగా మూడేళ్ళ నుంచి జీతం తీసుకుంటున్నాడు.

"నా కళ్ళజోడు ఎక్కడో మర్చిపోయానండీ," అంది పిన్ని. అదే కోడ్.

"నా దగ్గర ఇంకోటుంది పిన్నిగారూ." జవాబు అక్షరం పొల్లుపోలేదు. ఆ వెంటనే బేడీలు తీసి ఆమె చేతులు రెండూ వెనక్కి విరిచి ర్యాక్ పిడికి తగిలించాడు.

పిన్ని కళ్ళు మూసుకుంది. పడితే ఫలానా అడ్రసుకి పొమ్మన్నారు, వచ్చింది. ఆ అడ్రసు కూడా మార్చేశారు.

"మాస్టార్ని కూడా నువ్వేనా?"

"మంచి మనిషి. టీ నేనే ఇచ్చాను." అతడు టై సర్దుకున్నాడు. "మీ మీద నాకు కోపమేం లేదు. అవతలివాళ్ళు జీతం సమయానికి ఇస్తారు. అంతే తేడా."

"ఐదో రైలు నడుపుతున్నది నా కూతురయ్యా."

ఆ మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. "అయ్యో," అన్నాడు నిజంగానే. "అయితే చూడకండి పిన్నిగారూ. నేనూ చూడలేను." అని బయటికి వెళ్ళి తలుపు లాక్కున్నాడు.

తెర మీద విదేశీ బృందం రైలు టన్నెల్లో ఆగింది. పిన్ని బేడీలు గుంజింది. మణికట్టు చీరుకుపోయింది గానీ పిడి కదల్లేదు. ఇనప మేకులాంటి మనుషుల్ని లొంగదీసిన మనిషి, ఏమీ చేయలేక ఏడ్చింది. ఒక్కసారైనా దాని రైలెక్కి ఉండాల్సింది అనుకుంది.

అప్పుడు కార్డు మీది దీపం ఆగకుండా మినుకుమనడం మొదలుపెట్టింది. కేబుల్ తెగింది. సెన్సర్ చదివే ఇన్‌స్ట్రక్షన్ పడుతోంది, లేస్తోంది, పడుతోంది. తెర మీద బృందం రైలు చుక్క మాయమైంది. ఐదో నంబరు ముందు పచ్చ లైటు పడింది. లైన్ క్లియర్.

పడినప్పుడల్లా ఆ దీపం మినుకుమంటోంది. అంటే పడినప్పుడల్లా ముఠా కోడ్ ఆ కార్డులో ఏదో చదువుకుంటోంది. కార్డే లేకపోతే? చదవమన్న చోట ఏమీ ఉండదు. అప్పుడు ఫాల్ట్ అయ్యేది ముఠా కోడే. దాన్ని లేపేవాడు మాత్రం ఏ టేబుల్లోనూ లేడు. లేపేవాడు పడాలి!

"మాస్టారూ, ఈ ముక్క ఇంకాస్త విడమర్చి చెప్పి చావొచ్చుగా!" అంది పిన్ని పైకే.

చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. కాలితో తంతే కార్డు విరిగి లోపలే ఉండిపోవచ్చు. మిగిలింది నోరొక్కటే. డాక్టరు జన్మలో వంచొద్దన్న మోకాళ్ళు వంచింది. భుజాలు వెనక్కి మెలిపడి ఊడివస్తాయేమో అనిపించింది. ఐదో చుక్క టన్నెల్లోకి దూరింది. పిన్ని మెడ సాచి, తల పక్కకి తిప్పి, కార్డును ఎడమవైపు పళ్ళతో పట్టింది. కార్డు రాలేదు. కుడివైపు కూడా బిగిస్తే వస్తుంది, కానీ గుళిక పగులుతుంది. ఒక్క క్షణం ఆ పనే చేద్దామనుకుంది. తర్వాత ఒంట్లో ఉన్న బరువంతా వేసి పక్కకి పడింది.

కార్డుతో పాటు ముందుపళ్ళు రెండు కూడా వచ్చాయి.

తెర నల్లబడింది. దాని మీద తెల్లగా ఒక్కటే వాక్యం, కెర్నెల్ పానిక్, ఇక కొనసాగలేను, అని. పక్కనున్న సిగ్నల్ బోర్డు మీద ఊరంతా ఎర్రబడింది. టన్నెల్ కెమెరా మాత్రం ఇంకా పనిచేస్తోంది. ఐదో రైలు కీచుమంటూ వచ్చి, ముందు రైలు వెనక దీపాలకి మనిషి పట్టేంత సందులో ఆగింది.

పిన్ని నేల మీద కూలబడి రక్తం ఉమ్మింది. అలారాలు మోగాయి. అత్తరు గార్డులతో పరుగెత్తుకొచ్చి, నల్లబడ్డ తెర వంకా ఆమె వంకా చూసి, ఒక్క లిప్తలో పార్టీ మార్చాడు. "సిస్టమ్ కూల్చింది ఈవిడే! నేనే పట్టుకున్నాను," అన్నాడు. అందరూ అతని భుజం తట్టారు. ఆ గందరగోళంలో కార్డు ఎవరి జేబులోకి పోయిందో ఎవరూ చూడలేదు, పిన్ని తప్ప.

పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు మంచివాడే. నోటికి కట్టు కట్టించి, బన్నూ టీ తెప్పించి, ఆమె ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి నిట్టూర్చాడు.

"అది గొడుగులు బాగుచేసే షాపటమ్మా. మీరెవరో తెలియదన్నారు. కానీ పెట్టేసే ముందు ఒక మాటన్నారు. ఆవిడని కుడివైపు నమలమనండి, పంటినొప్పి పోతుందీ అని."

పిన్ని బన్ను చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమవైపు నమిలింది.

ఇంతలో ఇన్‌స్పెక్టరు బల్ల మీదున్న ఆమె ఫోన్ మోగింది. తెర మీద 'అమ్మడు' అని ఉంది. ఆయన జాలిపడి ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"అమ్మా! ఫోన్ ఇప్పుడే లాకర్లోంచి తీశాను. జనాన్నంతా టన్నెల్లో నడిపించుకుంటూ బయటికొచ్చాం. ఒకటే తిట్లు, నేనే ఆపినట్టు! ఎవరో కావాలని సిస్టమ్ కూల్చేశారట. నీకేం, హాయిగా ఆఫీసులో కూర్చుంటావు. ఆ పని చేసిన మనిషి దొరకాలి, పళ్ళు రాలగొడతాను!"

"రాలాయిలే అమ్మడూ," అంది పిన్ని. "దొరికింది కూడా."