ఆరు నిమిషాల ఆట

గజపతినగరంలో రైల్వే గేటు పక్క సందులో మూతపడ్డ నెట్ సెంటర్ ఒకటి ఉండేది. పొద్దు గూకితే దాని షట్టర్ ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. ఎదురుగా బజ్జీలు వేసే గురమ్మ తన బండిని పదడుగులు ఇవతలికి జరుపుకుంది. ఎందుకని అడిగితే గొంతు తగ్గించి చెప్పేది.

"లోపల టకటకా కొడతన్నాడమ్మా... ఎవుడో ఏటి, ఆ కుర్రాడే."

ఆ కుర్రాడంటే ఇమ్మానుయేలు. నెట్ సెంటర్ అతనిదే. ఇరవై ఆరేళ్లకే, 2016 వానాకాలంలో, జ్వరంతో పోయాడు.

అక్క షీబా బొబ్బిలిలో నర్సు. దెయ్యాల మాటెత్తితే "ఎలకలు" అని కొట్టిపారేసేది. ఆవిడకి ఉన్నది భయం కాదు, కక్ష. ఈ సంగతి తెలిసినవాళ్లంతా అక్కణ్నుంచే మొదలుపెడతారు.

ఇమ్మానుయేలు పగలంతా జనానికి హాల్ టికెట్లు, సర్టిఫికెట్లు ప్రింటు తీసిచ్చేవాడు. సాయంత్రం షట్టర్ సగం దించి, ఏడో టేబుల్ దగ్గర కూర్చుని వీడియో గేమ్ తయారుచేసేవాడు. కంపెనీ లేదు, జట్టు లేదు. బొమ్మలు, చప్పుళ్లు, కథ — అన్నీ ఒక్కడే. మూడేళ్లు పట్టింది. పేరు 'ఆఖరి గేటు'. రాయగడ లైన్లో ఒక గేటుమేన్, అతని ఒక్క రాత్రి డ్యూటీ. అదే ఆట. మొదట్నుంచి చివరిదాకా నాలుగు గంటలు.

చివరిదాకా ఆడిన మనిషి మాత్రం లోకం మొత్తమ్మీద షీబా ఒక్కతే.

అప్పట్లో విజయనగరం నుంచి హరిచరణ్ అనే ఆయన ప్రతి శుక్రవారం ఇంటర్నెట్లో 'ఈ వారం మూడాటలు' రాసేవాడు. ఇలా ఒకరిద్దరు సొంతంగా చేసిన ఆటల్లోంచి మంచివి ఏరి చెప్పడం ఆయన పని. ఆయన మెచ్చుకుంటే వేలమంది కొనేవారు. వెక్కిరించాడా... ఇక దాన్ని ముట్టుకునేవాడు ఉండడు.

ఇమ్మానుయేలు అందరికన్నా ముందు ఆయనకే పంపాడు, ఒకే ఒక్క కాపీ. ఆయన ఎంతసేపు ఆడితే అంతసేపూ ఇక్కడ ఇతని ఫోన్లో కనబడుతుంది. మంగళవారం ఆరు నిమిషాలు చూపించింది. బుధవారమూ ఆరే. గురువారానికి జ్వరం నూట నాలుగు. మంచం మీంచే ఫోన్ చూసుకున్నాడు.

"అక్కా, ఇంకా ఆరే ఉన్నాదే."

"రేపు ఆడతాడులేరా. పడుకో."

తెల్లారేసరికి పోయాడు.

సాయంత్రం భూస్థాపన అయి ఇంటికొచ్చాక షీబా ఆ ఫోన్ తెరిచింది. హరిచరణ్ రాసేశాడు — 'ఈ వారం వదిలేయాల్సిన ఆట: ఆఖరి గేటు. ముగింపు మరీ తేలిపోయింది. ఆటలో ప్రాణం లేదు, చేసినవాడిలోనూ లేనట్టుంది.'

ఆయన కాపీ లెక్క చూసింది. ఆరు నిమిషాలు.

షీబా ఏడవలేదు. ఆర్నెల్లు ఆగింది. ఏడింట్లో ఆరు కంప్యూటర్లు అమ్మేసింది. ఏడోదాని సీపీయూ తీసుకెళ్లి తన మంచం కింద పెట్టుకుంది. కరెంటు మీటరు తీయించేసింది. ఆ తర్వాత హరిచరణ్‌కి ఉత్తరం పెట్టింది — మా తమ్ముడు ఇంకో ఆట చేసి పోయాడు, ఇంతవరకు ఎవరి కంటా పడలేదు, వాడి సిస్టమ్‌లోనే ఉంది, వచ్చి ఆడాలి.

ఎవరూ చూడని ఆటని తనే ముందు చెప్పాలి... ఆ పని చేసేవాళ్లకి అంతకుమించిన ఎర లేదు. గురువారం సాయంత్రం ఏడింటికల్లా బస్సు దిగిపోయాడు.

తాళం తీస్తుంటే గురమ్మ దూరం నుంచే కేకేసింది. "సీకటడ్డాక తెరవకమ్మా!"

"నీ బజ్జీలు మాడిపోతన్నాయి, సూసుకో."

షట్టర్ ఎత్తి, షీబా ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"'ఆఖరి గేటు' చివరిదాకా ఆడారా?"

"ఆడాను మేడమ్. ఆడకుండా రాయను."

"ఆఖర్న ఏటవుద్ది?"

"వారానికి యాభై చూస్తానండీ... అన్నీ ఎక్కడ గుర్తుంటాయి?"

ఆడలేదని ఒక్క మాట అనుంటే, ఆవిడ షట్టర్ దించేసి బొబ్బిలి బస్సెక్కేసేదట.

"ఏడో టేబుల్," అంది. "స్విచ్చి కుడిపక్క గోడకుంది."

ఆయన ఫోన్ లైటుతో లోపలికి వెళ్లాడు. వెనక షట్టర్ ధడేల్‌మంది. తాళం పడింది.

లోపల కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఏడో టేబుల్ మీద ఉన్నది ఉత్త స్క్రీను. షీబా రొమ్ము దగ్గర పిన్నుతో పెట్టుకున్న నర్సు వాచీ చేతిలోకి తీసుకుంది. తమ్ముడి మూడేళ్లకి ఈయన ఆరు నిమిషాలిచ్చాడు. తనూ అంతే ఇస్తుంది. ఒక్క సెకను ఎక్కువ కాదు, తక్కువా కాదు.

మొదటి నిమిషం — "మేడమ్! ఏంటిది? తియ్యండి!"

రెండో నిమిషం — షట్టర్ మీద రెండు చేతులతో బాదుతున్నాడు. "ఆడలేదు! ఒప్పుకుంటాను, ఆడలేదు! రేపే రాసేస్తాను... తియ్యండి!"

ఆవిడ కోరుకున్నది అదే. ఆ మాట కోసమే ఆర్నెల్లు ఆగింది. తాళంచెవి చేతిలోనే ఉంది.

వాచీ చూసింది. ఇంకా నాలుగు నిమిషాలు.

తియ్యలేదు.

మూడో నిమిషం... బాదడం ఆగిపోయింది.

నాలుగో నిమిషం — షట్టర్ కింద సందులోంచి సన్నగా నీలం వెలుగు పాకుతూ వచ్చి ఆవిడ చెప్పుల మీద పడింది. లోపల టక... టక... టకటకటక...

షీబా కదల్లేదు. ఎలకలు అనుకుందామంటే, ఆ వెలుగేమిటి?

సరిగ్గా ఆరో నిమిషం నిండగానే తాళం తీసి షట్టర్ ఎత్తింది. లోపల చీకటి. హరిచరణ్ గుమ్మం మీదికొచ్చి కూలబడ్డాడు. పెదాలు ఎండి పగిలాయి. వేళ్లు వంకర్లు పోయి కొయ్యబారాయి.

"ఇంకా తెల్లారలేదా?" అన్నాడు.

"ఆరు నిమిషాలయ్యింది."

"నాలుగు గంటలు ఆడాను మేడమ్. 'ఆఖరి గేటు'... పూర్తిచేశాను. చివరి బండి పోయాక గేటు ఎత్తితే, అవతల పట్టాల మీద ఒకావిడ టార్చి పట్టుకుని నిలబడి ఉంది. 'ఒరే, అన్నం సల్లారిపోతన్నాది, రారా' అంది." తలెత్తి చూశాడు. "ఆ గొంతు మీదే."

షీబా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మాట ఈ గదిలోనే తమ్ముడు తనచేత చెప్పించి రికార్డు చేశాడు. అది తెలిసింది ఇద్దరికే. ఒకడు మట్టిలో ఉన్నాడు.

"అయితే... రాయి," అంది ఎలాగో. "రాసి వదిలెయ్యి. ఇంటికి పో."

"రాస్తాను. కానీ..." ఆయన లేచాడు. "స్క్రీను కింద లెక్క ఇంకా ఆరు నిమిషాలే చూపిస్తోంది. మళ్లీ ఆడమంటున్నాడు."

"ఎవరు?"

ఆయన వంగి లోపలికి దూరాడు. షీబా ఆయన చొక్కా పట్టుకుని లాగింది. గుడ్డ చిరిగి చేతిలోకొచ్చింది. షట్టర్ దానంతటదే కిందికి దిగింది.

తాళం బయటే, ఆవిడ చేతిలోనే ఉంది. అయినా షట్టర్ వెంట్రుకవాసి లేవలేదు. కింద నీలం వెలుగు.

"ఒరే ఇమ్మానుయేలూ..." షీబా ఇనుముకి నోరానించి గుసగుసలాడింది. "సాల్రా. ఒప్పుకున్నాడు కదా. వదిలీరా..."

టకటకటక... ఆగలేదు.

ఎంతసేపు అలా ఉండిపోయిందో తెలీదు. వెనక ఎవరో భుజం పట్టుకున్నారు. గురమ్మ. బజ్జీల గరిటె చేతిలో అలాగే ఉంది. ముసలామె ఒకసారి షట్టర్ వైపు, ఒకసారి షీబా మొహంలోకి చూసింది.

"నువ్విక్కడే ఉన్నావు గదమ్మా," అంది మెల్లిగా. "మరైతే... లోపల్నుంచి నీ గొంతుతో అన్నానికి పిలస్తన్నదెవులు?"