జంక్‌లో పడ్డ గిరిజ ఆంటీ పిలుపు

"ఇందులో కొత్తేముందండీ? పాత చింతకాయ పచ్చడేగా!"

పూజిత ఆ మాట తెలుగులోనే అనేసింది. పక్కనున్న మేనేజర్ డెబ్రాకి అర్థం కాదులే అని ధైర్యం. డెమో ఇస్తున్న హర్షవర్ధన్‌కి మాత్రం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది, పాపం.

2005లో, అమెరికాలోని అల్ఫారెట్టా ఊళ్ళో ఉన్న ఆ ఇన్సూరెన్స్ కంపెనీని స్పామ్ మెయిళ్ళు ముంచెత్తుతున్నాయి. లాటరీ తగిలిందని ఒకటి, బట్టతలకి మందని ఇంకొకటి. వాటిని ఆపే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళంతా "మాది సరికొత్తది" అనేవాళ్ళే. నిజంగా కొత్తదా, పాతదానికే పేరు మార్చారా అన్నది తేల్చడం పూజిత ఉద్యోగం.

హర్ష కంపెనీ అంటే హర్షా, అతని స్నేహితుడు భాస్కరూ, అంతే. ఈ కాంట్రాక్ట్ రాకపోతే కంపెనీ మూసేసి, హర్ష న్యూజెర్సీలో ఏదో ప్రాజెక్ట్ వెతుక్కోవాలి.

"కొత్తదేనండీ. కొంతమంది చెత్త మెయిల్‌ని జంక్ అని నొక్కితే చాలు, అందరి మెయిల్‌బాక్సులూ నేర్చుకుంటాయి."

"ఓట్లు లెక్కపెట్టే ఫిల్టర్లు ఎప్పట్నుంచో ఉన్నాయి."

"ముందు ట్రై చేయండి. తర్వాత తీరిగ్గా తిట్టండి."

ఉక్రోషంగానే అన్నాడు కానీ, చివర్లో చిన్నగా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆఫీసు మెయిళ్ళ మీద ట్రయల్ పేరుతో అతను రోజూ రావడం, ఈమె రోజూ తప్పులు పట్టడం, తప్పులు దొరకని రోజున ఈమెకే తోచకపోవడం. దీన్నేమంటారో అందరికీ తెలుసు, పూజిత తప్ప.

శనివారం వాన దంచి కొడుతుండగా ఆమెకి గిరిజ ఆంటీ ఫోన్ చేసింది. ఊళ్ళో ఏ తెలుగువాళ్ళకి జ్వరమొచ్చినా చారు కాచి పట్టుకెళ్ళే మనిషి.

"నేనేం తప్పు చేశానే పూజితా? వ్రతానికి రమ్మని మీ ఆఫీసులో మనవాళ్ళందరికీ మెయిల్ పెట్టాను. ఒక్కళ్ళూ రాలేదు." ఆంటీ ముక్కు చీదింది.

పూజితకి ఫిల్టర్ మీద అనుమానమొచ్చింది. ఆ మెయిల్ తనకీ రాలేదు. వెంటనే హర్షకి ఫోన్ చేసి, లాప్‌టాప్‌తో సహా ఆంటీ ఇంటికి రప్పించింది.

ట్రేల నిండా పులిహోర అలాగే ఉంది. హర్ష కాసేపు స్క్రీన్ చూసి తలవంచుకున్నాడు. ఆంటీ మెయిల్‌ని ఆపింది అతని సాఫ్ట్‌వేరే. పదకొండు మందికి పంపకపోతే అరిష్టం అంటూ ఆంటీ తెగ ఫార్వర్డులు పంపేది. "ఆపండి ఆంటీ" అని చెప్పడానికి మొహమాటపడి, ఆఫీసులోని మనవాళ్ళంతా చాటుగా జంక్ నొక్కేశారు. దాంతో పిలుపు కూడా జంక్‌లోకే పోయింది.

"నేనూ నొక్కాను," అంది పూజిత. సిగ్గుతో ఆమెకి తలెత్తబుద్ధి కాలేదు.

"తలుపు మూసింది మీరు కాదు, నా ప్రోగ్రామ్. రిపోర్ట్‌లో ఉన్నదున్నట్టు రాసేయండి."

"రాస్తే మీ కంపెనీ గతి?"

"రాయకపోతే ఇంకో ఊళ్ళో ఇంకో ఆంటీ ఏడుస్తుంది."

అప్పుడు తెలిసింది పూజితకి, ఈ మనిషంటే తనకి చాలా ఇష్టమని.

ఇద్దరూ ఆంటీకి క్షమాపణ చెప్పారు. "ఆ ముక్క నా మొహానే చెప్పొచ్చుగా, పిచ్చి మొహాల్లారా!" అని కళ్ళు తుడుచుకుని, ఆవిడ ఇద్దరికీ ప్లేట్లు పెట్టింది. తింటూ తింటూ హర్ష ఆగిపోయాడు.

"అందరికీ విసుగు ఫార్వర్డుల మీద, ఆంటీ మీద కాదు కదా! మనం జవాబులిచ్చే మనిషైతే ఎంతమంది జంక్ అన్నా తలుపు మూయకూడదు. ఫార్వర్డులొక్కటే పక్కన పెట్టాలి."

పూజిత ముద్ద మింగడం మర్చిపోయింది. "ఇలా చేసిన ఫిల్టర్ నేనింతవరకు చూళ్ళేదు."

ఆదివారమంతా కూర్చుని అతను దాన్ని రాశాడు. సోమవారం డెబ్రా ముందు పూజిత జరిగిందంతా దాచకుండా చెప్పింది. మొదట చూపించింది కొత్తది కాదనీ, ఓడిపోయాక చేసింది మాత్రం కొత్తదేననీ అంది.

డెబ్రా ప్రతి వెండర్ విషయంలోనూ అడిగే ప్రశ్నే అడిగింది. "ఇతనితో నీకు వ్యక్తిగత సంబంధం ఏమైనా ఉందా?"

లేదంటే సరిపోయేది. అబద్ధమూ కాదు. కానీ పూజితకి నోరు రాలేదు.

"ఇప్పటివరకు లేదు. కానీ ఇతనంటే నాకిష్టం. అందుకని నా మాట పక్కన పెట్టి, వేరేవాళ్ళతో మళ్ళీ టెస్ట్ చేయించండి."

ఈసారి ఇంగ్లీషులో అంది కాబట్టి ఇద్దరికీ అర్థమైంది. ఎదురుగా కూర్చున్న హర్షకి పొలమారింది.

"అయితే మన టీమ్‌లోని లక్ష్మీపతికి ఇస్తాను. అతనికి ఎవరూ నచ్చరు," అని నవ్వుకుంటూ డెబ్రా బయటికి వెళ్ళింది.

"అమ్మో, ఆయనా! నా పని అయిపోయినట్టే," అన్నాడు హర్ష.

"నిజంగా కొత్తదైతే ఆయన కూడా కాదనలేడు."

"కాదన్నాడనుకోండి. నేను న్యూజెర్సీ పోవాలి."

"పోదాం. అక్కడ మాత్రం స్పామ్ ఉండదా ఏంటి? నాకూ ఓ ఉద్యోగం దొరుకుతుంది."

హర్ష కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"అయితే లక్ష్మీపతిగారు ఏం రాసినా నాకు పర్లేదు పూజితా," అన్నాడు.