పూండి లింక్ పడిపోయింది

"తిరువళ్ళూరులో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే వరదన్ ఒకదానితో ఒకటి అల్లుకుని పనిచేసే కొత్త వైర్‌లెస్ మెష్ పెట్టెలు ట్రయల్ చేస్తున్నాడు. వాటిని పరీక్షించే ఇంజినీరువి నువ్వే" అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ.

"పెట్టెల్లో ఏముంది సార్?" అడిగాడు ఏజెంట్ ద్వారకనాథ్.

"విదేశీ ముఠా పెట్టిన దొంగ చిప్. శుక్రవారం ఉదయం సరిగ్గా పదకొండుకు ఆవడి రక్షణ ఫ్యాక్టరీ డిజైన్లు వాటి గుండా దేశం దాటిపోతాయి. బయటికి దారులు రెండే: తిరుత్తణి, పూండి. ఒకటి ఆపితే డేటా రెండోదాన్ని పట్టుకుంటుంది. రెండూ ఒకేసారి ఆగాలి. పూండిలో కాంచన ఉంటుంది."

కాంచన ఆ ముఠా కంపెనీలో సేల్స్ ఇంజినీరు. చలువ కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, ఎవరినైనా బుట్టలో వేసే మాట. మూడేళ్ళుగా ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె మన మనిషి. ద్వారకనాథ్‌కు ఇంకాస్త ఎక్కువే, ఆ సంగతి మాత్రం ఏ ఫైలులోనూ లేదు.

శుక్రవారం అతను తిరుత్తణిలో ఒక లాడ్జి మేడమీద సిగ్నల్ మీటరు పట్టుకుని నిలబడ్డాడు. చెవిలో బటనంత ఇయర్‌పీస్.

"పూండిలో నీళ్ళెట్లుండాయి?" అన్నాడు. అది కోడ్.

"గేటు మూయబోతా ఉండాను" అంది కాంచన. "కరెంటు పోయిందని వాళ్ళు పది నిమిషాలు అనుకుంటే చాలు, బస్సెక్కేస్తా. కడంబత్తూరు స్టేషన్‌కు వచ్చెయ్. ఈసారన్నా టిఫిన్ నువ్వే ఇప్పియ్యాల."

"ఇప్పిస్తాలే. జాగ్రత్త."

పదీ యాభై తొమ్మిది. మూడు, రెండు, ఒకటి. రెండు ప్లగ్గులూ ఒకేసారి ఊడాయి. ఆవడి డిజైన్లు ఆవడిలోనే ఉండిపోయాయి.

అంతలో వరదన్ ఫోన్.

"సార్, మీ పెట్టె టెస్టు కోసం ఆపినారని తెలుసు. పూండిది కూడా పడిపోయిందే! లింక్ పడితే నాకు ముద్ద దిగదు సార్. పూండిలో మన కస్టమర్‌ను అడిగినాను, కరెంటు ఉండాది అన్నాడు. వెంటనే కంపెనీ హెల్ప్‌లైన్‌కు కంప్లైంట్ పెట్టినాను. కాంచనమ్మ ఆడనే ఉండాది, ఆమెను చూడమనండి అని కూడా చెప్పేసినాను."

ఆ హెల్ప్‌లైన్ ముఠాదే; కరెంటు పోలేదనీ, పెట్టె దగ్గర ఉన్నది కాంచనేననీ వాళ్ళకు తెలిసిపోయింది. ఎర్ర లైటు కనబడితే ముందు కరెంటు కనుక్కోవడం, వెంటనే కంప్లైంటు పెట్టడం, పదేళ్ళుగా వరదన్ చేస్తున్న పనే అది. ఇవాళా శ్రద్ధగా చేశాడు.

"కాంచనా, పరుగెత్తు!" అని ఇయర్‌పీస్‌లో అరిచాడు ద్వారకనాథ్. మళ్ళీ మళ్ళీ అరిచాడు. అవతల ఎవరూ పలకలేదు.

కడంబత్తూరు ప్లాట్‌ఫారం మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. స్టేషన్‌లోకి వచ్చిన ప్రతి ఆడమనిషి ముఖంలోకీ చూశాడు. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు. మర్నాడు తమిళ పేపర్లో పూండి దగ్గర రోడ్డు ప్రమాదంలో కాంచన పోయిందని నాలుగు లైన్లు పడ్డాయి.

వారంలో ముఠా దొరికింది. వరదన్‌కు నిజం చెప్పే అధికారం ద్వారకనాథ్‌కు లేదు. ఉన్నా చెప్పేవాడు కాదు.

"పాపం, ఆ కాంచనమ్మ మంచి మనిషి సార్" అన్నాడు వరదన్, కాఫీ అందిస్తూ. "ఇంతకీ వేరే కంపెనీ మెష్ పెట్టెలన్నా కొనేదా, వద్దా?"

"వద్దులే అన్నా."

"ఏం సార్, వాటిలో ఏం కోళారు, ఏం లోపం ఉండాది?"

"ఒకటి పోయినా మిగతావి ఏమీ జరగనట్టే పని చేసుకుంటాయి" అన్నాడు ద్వారకనాథ్. "నాకది నచ్చలేదు."