ఎడమవైపు చూసే నీడ

“నాలుగు మార్కులా? పదికి నాలుగా?”

మెట్ల మీది నుంచి ముందు అరుపు వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. వానకు నిలువునా తడిసిన అమ్మాయి. చేతిలో హెల్మెట్. దాన్ని ఎక్కడ పెడదామా అని కాక, ఎవరి మీద విసురుదామా అన్నట్టు చూస్తోంది.

తమిళనాడు ధర్మపురిలో నాలుగు రోడ్ల దగ్గర సెల్‌ఫోన్ రిపేరు షాపు, దాని మీద ఒక ఇరుకు గది. కింద ఫోన్లు బాగుచేసే జయరామ, తీరిక దొరికితే పైకొచ్చి వీడియో గేములు ఆడి తన చానెల్లో మార్కులు వేస్తాడు. కుస్తీ గేములంటే ప్రాణం. ‘మ్యాట్ థండర్’ సిరీస్‌లో ఆరు భాగాలనూ అరగదీశాడు. ఏడోది వచ్చి పది రోజులైంది. దాని మీద అరవంలో చేసిన రివ్యూను నలభై వేల మంది చూశారు. వాళ్లలో ఒకరు ఇప్పుడు హెల్మెట్‌తో ఎదురుగా నిలబడ్డారు.

అరవంలోనే ఐదు నిమిషాలు దులిపేసి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, “వీని మొగం మండ” అని తెలుగులో గొణుక్కుంది.

“మండింది చాలు గానీ, కూర్చోండి,” అన్నాడు జయరామ తెలుగులో.

ఆమె నాలుక కరుచుకుంది. “మీరూ మనోళ్లేనా?”

“ఇంట్లో తెలుగే.”

“అయితే మంచిదే. తెలుగులో తిట్టేది నాకు సులభం.”

పేరు వినోదిని. ఊరు ఏరియూరు.

“మార్కులు తక్కువేసింది గేముకు కదండీ. మీకెందుకు కోపం?”

“గేము ఎట్లన్నా పోనీ. ‘ఏరియూరు పులి’ని బగ్ అన్నారు కదా సార్? వాణ్ణి తీసెయ్యమని కంపెనీకి రిపోర్టు పంపించినారు కదా?”

ఆ పేరు వినగానే జయరామ చూపు ఆర్పేసి ఉన్న టీవీ వైపు పోయింది.

ఏడో భాగంలో కొత్తగా ‘నీడ’ అని ఒకటి పెట్టారు. పాత భాగాల్లో ఎవరెలా ఆడారో గేము చదివి, అచ్చం వాళ్లలాగే కొట్లాడే మల్లులను తయారుచేసి మన మీదికి వదులుతుంది. అసలు మనిషి అప్పుడు ఆడుతూ ఉండక్కర్లేదు. ఏరియూరు పులి అలాంటి నీడే. పసుపు ముసుగు, పచ్చ లాగు. జయరామను ఎనిమిదిసార్లు మట్టి కరిపించాడు.

అది పరవాలేదు. కానీ ప్రతిసారీ, ఆఖరి పట్టు పట్టే ముందు పులి ఆగిపోతాడు. ఆరు సెకన్లు. చేతులు వేలాడేసి, ముఖాన్ని మెల్లగా ఎడమకు తిప్పి, తెర బయట ఎవరినో చూస్తున్నట్టు నిలబడతాడు. మొదటిసారి జయరామకు నవ్వొచ్చింది. మూడోసారి తన ఎడమవైపు చూసుకున్నాడు. గోడ తప్ప ఏమీ లేదు. ఐదోసారి లైటు వేసుకుని ఆడాడు. ఎనిమిదోసారి వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది. భయపడ్డానని ఒప్పుకోలేక బగ్ అని పేరు పెట్టి, నాలుగు మార్కులు పడేసి చేతులు దులుపుకున్నాడు.

“ఎవరు ఆ పులి?”

“మా అన్న శరవణన్. రెండేండ్ల కింద హొగేనక్కల్ జలపాతం కాడ ఏరు ఎత్తుకోని పోయింది. మనిషి దొరకలేదు.”



“వాడు ఆడితే నేను ఎడమపక్క కూర్చునేదాన్ని. ఆఖర్న పట్టే కడాపట్టు నాదే. గెలిచే టైమ్‌కి ‘ఇంద పాపా, నువ్వు ముగించు’ అని కంట్రోలర్ నా చేతిలో పెట్టేవాడు. పెట్టేటప్పుడు వాని బొటనవేలు తగిలి కంట్రోలర్ మీద తిప్పే పుల్ల ఎడమకి పోయేది. దినమూ అంతే. గేము అదీ నేర్చుకొనింది.”

 జయరామ తప్పని రాసి పంపింది ఒక అన్న ప్రేమను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“ఇంకొకటి ఉండాది సార్. ‘లోపల ఎవరో కూర్చొని ఆడతా ఉన్నట్టే ఉంది’ అని మీ వీడియోలో అన్నారు. మా అమ్మ దాన్నే పట్టుకొనింది. కొడుకు ఎక్కడో ఉండాడంట, ఆడతా ఉండాడంట. రెండేండ్లుగా వానికి కర్మ కూడా చెయ్యనీలేదు. సాయంత్రమైతే నాతో ఆడించి, టీవీ ముందర కూర్చుంటాది. కంపెనీ చెప్పినట్టు శుక్రవారం వాణ్ణి తీసేస్తే అమ్మ ఏమైపోతాదో నాకు తెల్దు.”

జయరామ అక్కడికక్కడే కంపెనీకి మెయిల్ రాశాడు: నా రిపోర్టు తప్పు, వాపసు తీసుకుంటున్నాను.

ఆ తర్వాత ఫోన్లు నడిచాయి.

“మెయిల్ వచ్చిందా సార్?”

“రాలేదు మేడమ్.”

“తిన్నారా?”

“అదీ మెయిల్ గురించేనా?”

“ఆకలితో ఉంటే ఇంకా రెండు మార్కులు తగ్గిస్తారేమో అని భయం.”

గురువారం జవాబొచ్చింది. ఆలస్యమైంది, మార్పు అయిపోయింది, శుక్రవారం సాయంత్రం ఆరుకు అప్‌డేట్.

శుక్రవారం నాలుగింటికి జయరామ ఏరియూరులో వాళ్ల ఇంటి ముందు బండి ఆపాడు. మబ్బు కమ్మి రాగి చేలు నల్లగా కనిపిస్తున్నాయి. వినోదిని తల్లి పంచవర్ణం చెంబుతో మజ్జిగ ఇచ్చి, పక్కనే కూర్చుని, సూటిగా అడిగింది.

“నాయనా, నువ్వు దీంట్లో తెలిసినోడివంట కదా. చెప్పు. లోపల ఆడతా ఉండేది ఎవరు?”

ఆమె వెనక నిలబడిన వినోదిని రెండు చేతులూ జోడించింది. ఉండాడని చెప్పండి అని కళ్లతోనే బతిమాలింది. ఆ కళ్ల కోసం జయరామ ఏమైనా చేస్తాడు. ఆ సంగతి అతనికి ఆ క్షణంలోనే తెలిసింది.

“ఎవరూ లేరమ్మా,” అన్నాడు. “మీ వాడు అప్పుడు ఆడిన ఆట అది. దాన్ని గేము మళ్లీ చూపిస్తా ఉండాది. నేను వీడియోలో నోరుజారినాను. మన్నించండి.”

వినోదిని విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.  పంచవర్ణం లేచి సాయంత్రం దీపం పెట్టి వచ్చి, “వాణ్ణి ఒకతూరి చూపించు,” అంది.

టీవీ పెట్టాక జయరామకు ఒకటి తట్టింది. ఇన్ని రోజులూ అందరూ పులితో తలపడినవాళ్లే. అతణ్ణి జోడీగా తీసుకున్నవాళ్లు లేరు.

“వినోదినీ, రండి. మీరూ మీ అన్నా ఒక జట్టు. నేనొక్కణ్ణే ఎదురు.”

ముక్కు తుడుచుకుంటూ వచ్చి, అతని ముఖం చూడకుండా కంట్రోలర్ అందుకుంది. ఆమె ఆడించే బొమ్మ ఎడమ మూలలో తాడు పట్టుకుని నిలబడింది. పులి జయరామను ఎత్తి కుదేశాడు, మళ్లీ ఎత్తాడు, మళ్లీ కుదేశాడు. అప్పుడు ఆగాడు. ముఖం ఎడమకు తిరిగింది.

ఈసారి అటువైపు చెల్లెలు ఉంది.

ఆమె బొమ్మ చెయ్యి చాచింది. ఆరు సెకన్లు కాలేదు. పులి నడుచుకుంటూ వెళ్లి ఆ చేతిని తట్టాడు. వినోదిని వెక్కుతూనే రింగులోకి దూకి, జయరామను పట్టి పడేసింది. ఒకటి, రెండు, మూడు.

గెలిచాక జోడీ మల్లుడు రింగులోకి వచ్చి చేతులెత్తాలి. ఏడు భాగాల్లోనూ అంతే. పులి రాలేదు. తాడు కింద నుంచి దిగి, వెనక్కి చూడకుండా, లైట్ల మధ్య దారిలో మెల్లగా నడిచాడు. కేకలు వేస్తున్న జనం ఒక్కసారిగా మూగబోయారు. దారి చివరి పరదా పక్కకు తొలగింది, అతను లోపలికి వెళ్లాడు, పరదా పడింది. జయరామ వినోదిని వైపు చూశాడు. ఆమె కంట్రోలర్ చాప మీద ఉంది. గడియారం ఇంకా ఐదూ నలభై.

“పోయినాడు,” అంది పంచవర్ణం. “పోయినాడే, నా కొడుకు.”

రెండేళ్లలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే జయరామ గడప బయటికి వచ్చి నిలబడ్డాడు. ఆరు ఎప్పుడైందో ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

కర్మ జరిగిన మూడో వారం వినోదిని మళ్లీ ఆ మెట్లెక్కింది. ఈసారి అరుపు లేదు.

“గేముకు ఇప్పుడు ఎన్ని మార్కులు సార్?”

“ఏడు. అంతకుమించి రావు.”

“మా అన్న కోసమన్నా పెంచరా?”

“పెంచితే అబద్ధమవుతాది కదా.”

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి కింద బస్సులను చూసింది. “ఆ దినం మీరు అబద్ధం చెప్పాలని ఎంతగా మొక్కుకున్నానో మీకు తెల్దు. చెప్పలేదని రెండు దినాలు మిమ్మల్ని తిట్టుకున్నాను. మూడో దినం అమ్మ కడుపు నిండా అన్నం తినింది. అప్పటి నుంచి నువ్వంటే నాకు ప్రేమ. చెప్పేసినాను. మార్కులు గీర్కులు వేసినావంటే హెల్మెట్‌తో కొడతాను.”

జయరామ నోరు తడబడింది. రోజుకు వెయ్యి మాటలు చెప్పి బతికే నోరది.

“నేను... నాకు మజ్జిగ తాగేటప్పటి నుంచే,” అన్నాడు.

వినోదిని ఫక్కున నవ్వింది. “సరే. మీ అమ్మ ఫోన్ నంబర్ చెప్పు.”

“ఎందుకు?”

“మా అమ్మకు కావాలంట. నీ మీద రిపోర్టు ఇచ్చేదానికి.”

కింద షాపులోంచి పంచవర్ణం గొంతు వినిపించింది. “ఏం నాయనా, నంబర్ ఇస్తావా, ఈ మోకాళ్లతో నన్నే పైకి రమ్మంటావా?”

జయరామ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తాడు.