పిలుపు కోసం ఉంచుకున్న నంబరు

ఆ గురువారం ఉదయం భోజనాల బల్ల దగ్గర హాజరైనవారు, కూర్చున్న క్రమంలో, వీరు: తూర్పు ముఖంగా ఇంటి యజమాని, ఒక బీమా సంస్థలో డివిజనల్ మేనేజరుగా పదవీ విరమణ చేసిన అచ్యుతరామయ్య గారు, ఆయన కుడిపక్కన కుమారుడు వరప్రసాద్, అతని పక్కన కోడలు మంజులత. చివరి కుర్చీ ఆయన భార్య లీలాకుమారిది. కానీ ఆమె అందులో కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక కన్ను పెనం మీది పెసరట్టు మీద, ఇంకొక కన్ను హాల్లోని టీవీ మీద ఉంచింది.

ఫోను ప్లాను కొత్తగా మొదలయ్యే రోజున ఇలా అందరినీ కూర్చోబెట్టడం అచ్యుతరామయ్య గారి ఆనవాయితీ. కృష్ణానగర్‌లోని పాత ఇల్లు ఖాళీ చేసి జూబ్లీహిల్స్‌లో కొడుకు కొన్న ఫ్లాటుకు మారిన తరువాత, ఇంటిల్లిపాది నంబర్లనూ ఆయన ఒకే కుటుంబ ప్లానులోకి తెచ్చారు. ఎవరి వాటా ఎంతో, ఎవరు ఎంత వాడారో, మిగిలినది వచ్చే నెలకు ఎలా జమ అవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఇంటికి వేరే ఇంటర్నెట్టు అనవసరమని ఆయన నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఇంతవరకు ఎవరూ కదిలించలేకపోయారు.

"పోయిన నెల మనం ఏమీ వృథా చేయలేదు. మిగిలిన డేటా జమ అయింది. ప్లానుతో ఉచితంగా వచ్చిన సినిమాల యాప్ ఒక్కటే ఎవరూ వాడటం లేదు. దీన్ని ఆప్టిమమ్ యుటిలైజేషన్ అంటారు," అన్నారు అచ్యుతరామయ్య గారు కళ్ళజోడు సర్దుకుంటూ.

"తెలుగులో పీనాసితనం అంటారు నాన్నగారూ," అన్నాడు వరప్రసాద్, అల్లప్పచ్చడి వడ్డించుకుంటూ.

"నిన్న క్లయింటుతో మాట్లాడుతుంటే మధ్యలో నా నెట్ ఆగిపోయింది మామయ్యగారూ. నా వాటాకి పరిమితి పెట్టారటగా," అంది మంజులత.

"నీ వాటాలో సగం రీల్సుకే పోయిందమ్మా. క్లయింటుకు మిగల్లేదు."

మంజులత నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. ఇంతలో లీలాకుమారి గుమ్మంలోంచే, "కాసేపు మాట్లాడకండి. వర్ధనమ్మ వస్తోంది," అన్నది.

వర్ధనమ్మ ఒక టీవీ సీరియల్లోని నాయనమ్మ. ఆ వేషం వేసే నటి మైసూరు నుంచి వచ్చిన మనిషి. ఆమెకు తెలుగు రాదు. సీరియల్ మొదలైన నాటి నుంచి ఆ ముఖానికి మాట లీలాకుమారిది. ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటరులో, తెర మీద కదిలే ఆ పెదవులను చూస్తూ, ఏళ్ళ తరబడి ఆమె వర్ధనమ్మగా మాట్లాడింది. ఆ నటికి మోకాళ్ళ ఆపరేషన్ జరగడంతో కథకులు వర్ధనమ్మను కాశీకి పంపించివేశారు. ఆమె తిరిగివస్తున్నదని వారం నుంచి ప్రకటనలు వస్తున్నాయి. వాటిలో సంగీతమే తప్ప మాటలు లేవు. ఇంకా తనను పిలవలేదేమిటని లీలాకుమారి లోలోపల మథనపడుతూనే ఉంది. అయినా తనంతట తాను ఫోను చేయలేదు. పిలుపు వచ్చేదాకా ఆగడం ఆ వృత్తిలో మర్యాద, అడిగినవాళ్ళు అలుసవుతారు. మొదట్లో మాటలు లేని సన్నివేశాలే ఉండి ఉంటాయని మనసుకు సర్దిచెప్పుకున్నది.

రాత్రి ప్రసారమైన భాగాన్నే ఉదయం మళ్ళీ వేస్తున్నారు. టీవీలో కారు ఆగింది. వర్ధనమ్మ దిగింది. గడప దగ్గర నిలబడి, ఇంటివైపు కలయజూసి, నోరు తెరిచింది.

"ఇల్లు ఇలా అయిపోయిందేంట్రా బాబూ."

ఆ గొంతు లీలాకుమారిది కాదు.

పెసరట్టు మాడిన వాసన హాలులోకి వచ్చింది. లీలాకుమారి వెనక్కు వెళ్ళి, ముందు పొయ్యి కట్టేసి, ఆ తరువాతే బయటకు వచ్చింది.

"నీకు జలుబు చేసినప్పుడు నీ బదులు ఇంకెవరో చెప్పారేమో అమ్మా," అన్నాడు వరప్రసాద్ నెమ్మదిగా.

"నా జలుబు నాకు తెలియదురా?"

"ఏసుకుమార్ గారికి ఫోన్ చేయండత్తయ్యా," అంది మంజులత. ఆ థియేటరులో డబ్బింగ్ పనులన్నీ చూసేది ఏసుకుమారే.

"మనం చేయకూడదే."

"ఇంకా ఏం మర్యాద అత్తయ్యా, మీ గొంతే తీసేశాక?"

లీలాకుమారి చేతులకు పిండి అంటి ఉంది. మంజులతే ఆమె ఫోను తీసి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పట్టుకున్నది.

"ఎవరండీ?" అన్నది అవతలి గొంతు.

"నేనే ఏసూ, లీలమ్మని."

ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడయింది.

"అమ్మా, మీరు ఉన్నారా?"

"ఉండక ఎక్కడికి పోతాను?"

"మీ నంబరు వాడుకలో లేదని వస్తోందమ్మా. పొద్దున్నా సాయంత్రం చేస్తూనే ఉన్నాను. కృష్ణానగర్ ఇంటికి మనిషిని పంపితే ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. మన దగ్గర పెద్దవాళ్ళ నంబరు ఆగిపోయిందంటే ఏమనుకుంటామో మీకు తెలుసు కదమ్మా. మైకు దగ్గర మీ ఫొటో పెట్టి దండ వేశాం. ఆదివారం మా చర్చిలో మీ పేరు చెప్పి ప్రార్థన కూడా చేయించాను." "మీరు ఇప్పుడు చేస్తున్న ఈ నంబరు నాకు తెలియదమ్మా."

లీలాకుమారి తరువాత మాట్లాడతానని చెప్పి ఫోను పెట్టించింది. ఆ ఫోనులో రెండు సిమ్ కార్డులు ఉన్నాయి: ఒకటి కుటుంబ ప్లానులోది, రెండోది ఆమె మొదటి నుంచీ ఉంచుకున్న పాతది. సినిమా వాళ్ళందరి దగ్గరా ఉన్నది ఆ పాత నంబరే. వరప్రసాద్ ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు. చూసి తండ్రివైపు తల తిప్పాడు.

"ఆ నంబరును నేనే నిలిపివేశాను," అన్నారు అచ్యుతరామయ్య గారు. ఆయన స్వరంలో తడబాటు లేదు. "కుటుంబ ప్లాను తీసుకున్నప్పటి నుంచి దానికి రీచార్జి చేయడం మానేశాను. నలుగురికి నాలుగు నంబర్లున్నాయి. అయిదోది నిరుపయోగం."

"అమ్మకు ఒక్క మాట చెప్పారా నాన్నగారూ?"

"చెప్పవలసినంత విషయం అందులో కనపడలేదు. దాని వాడకం అంతా పరిశీలించాను. ఆ నంబరు నుంచి ఒక్క కాల్ కూడా వెళ్ళలేదు. వాడనిదాన్ని పోషించడం దేనికి?"

లీలాకుమారి చేతికి అంటి ఎండిపోయిన పిండిని గోటితో గీకుతూ నిలబడింది.

"అది వెళ్ళడానికి కాదండీ," అన్నది. "రావడానికి."

ఆమె కొంగుతో చేయి తుడుచుకుని భర్త ఎదుటికి వచ్చింది.

"మీరు ఆఫీసుకు వెళ్ళారు. మీకు కుర్చీ ఉంది, బల్ల ఉంది, తలుపు మీద పేరుంది. ఒక రోజు మానేస్తే మీరెక్కడున్నారని వెతుక్కున్నారు. నాకు ఇవేవీ లేవు. ఎవరైనా పిలిస్తే వెళ్తాను, పిలవకపోతే లేను. నాకున్నదల్లా ఆ నంబరు ఒక్కటే."

"నీ ఆరోగ్యం కూడా అంత బాగా..."

"ఆరోగ్యం కోసం ఆపారా?"

అచ్యుతరామయ్య గారు అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి. "లేదు," అన్నారు. ఆ మాట తరువాత కుర్చీలోంచి లేచారు.

ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆయన జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గరున్న ఫోను కంపెనీ దుకాణానికి వెళ్ళారు. జరిగినదంతా వరుస క్రమంలో, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వివరించారు. కౌంటరులోని అమ్మాయి ఓపికగా విని కంప్యూటరులో చూసింది.

"గా నంబర్ క్యాన్సిలైపోయింది సార్. ఇగ రాదు. ఫికర్ చేయకుండ్రి, కొత్తది ఫ్యాన్సీ నంబర్ ఇస్త. జర మంచిగ గుర్తుంటది."

"గుర్తుండవలసింది నాకు కాదమ్మా," అన్నారాయన.

తిరిగి వచ్చాక భోజనానికి రాలేదు. తన గదిలో తలుపు దగ్గరకు వేసుకుని, ఎవరూ వాడటం లేదని పొద్దున తాను ఫిర్యాదు చేసిన ఆ యాప్‌లోనే సీరియల్ పాత భాగాలు పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని ఒక్కరోజు కూడా చూడలేదు. టీవీలో అది వస్తుంటే పేపరు మడుచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు వరసగా చూశారు. వర్ధనమ్మ కొడుకులను నిలదీసింది. మనుమరాలితో పాటు నవ్వింది. భర్త ఫొటో ముందు కూర్చుని, బతికుండగా అనలేకపోయిన మాటలన్నీ అతనితో అన్నది. ఇంట్లో ఉప్పు సరిపోయిందా అని మాత్రమే అడిగే మనిషి గొంతులో ఇంత అధికారం, ఇంత అల్లరి, ఇంత దుఃఖం ఉన్నాయని అచ్యుతరామయ్య గారికి తెలియదు. కట్టుకున్న భార్య గొంతును ఆయన డెబ్భై ఏళ్ళు దాటిన తరువాత, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మొదటిసారి విన్నారు.

పొద్దుగూకే వేళకు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఇంటర్నెట్టు ఆగిపోయింది. కుటుంబం మొత్తానికి నెలకు వచ్చిన డేటానంతా ఆయన ఒక్కరే ఖర్చు చేసేశారు. వరప్రసాద్ అడగబోయాడు. మంజులత అతని చేయి నొక్కి ఆపింది.

మరునాడు ఏసుకుమార్ కబురు చేశాడు. నిర్మాతతో మాట్లాడాననీ, వర్ధనమ్మ గొంతు ఆమెకే తిరిగి ఇచ్చేస్తున్నామనీ, వచ్చి డబ్బింగ్ చెప్పమనీ దాని సారాంశం. లీలాకుమారి జరీ అంచు నేత చీర కట్టుకున్నది. అచ్యుతరామయ్య గారు హాల్లో నిలబడి, "నేను కూడా రావచ్చునా?" అని అడిగారు. భార్యను ఆయన అనుమతి అడగడం ఆ ఇంట్లో ఎవరూ విని ఎరగరు. ఆమె తల ఊపింది.

ఫిల్మ్‌నగర్‌ వైపు వెళ్తున్న కారులో ఆమె కిటికీలోంచి చూస్తూ అన్నది: "నేను పోయాననుకున్నారండీ. దండ కూడా వేశారు. అయినా ఒక్కపూట పని ఆగలేదు. అదే మింగుడుపడటం లేదు."

ఆయన ఆమె చేతి మీద చేయి వేయబోయి, హక్కు ఉందో లేదోనని వెనక్కు తీసుకున్నారు.

థియేటరు గుమ్మంలో ఏసుకుమార్ ఎదురువచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. లోపల మైకు పక్కన, వర్ధనమ్మకు కొత్తగా గొంతు ఇచ్చిన అమ్మాజీ నిలబడి ఉంది. అమ్మాజీ జీవితమంతా గుంపులో గొంతుగా గడిచింది: సంతలో బేరాలు, పెళ్ళిలో గుసగుసలు, చావింట్లో ఏడుపులు. పేరున్న పాత్ర ఆమెకు దొరకడం ఇదే మొదలు.

"మీరు పోయారంటేనే ఒప్పుకున్నానక్కా," అన్నది అమ్మాజీ. "మీరుండగా ఆ మైకు ముందు నిలబడేదాన్నా? నన్ను తిట్టండి, పడతాను. ఇదిగో, వెళ్ళిపోతున్నాను."

"వెళ్ళకు. ముందు ఒకసారి చెప్పు, వింటాను," అన్నది లీలాకుమారి.

అమ్మాజీ చెప్పింది. లీలాకుమారి కళ్ళు మూసుకుని విన్నది. తరువాత తెర మీద ఆగి ఉన్న వర్ధనమ్మ ముఖాన్ని, సొంత మనిషిని రైలెక్కించేటప్పుడు చూసినట్టు చూసింది.

"ఏసూ, ఆ ముఖానికి గొంతు ఒకసారి మారింది. మళ్ళీ మారిస్తే జనం వర్ధనమ్మనే నమ్మరు. ఉండనీ. అయినా నాకోసం అంత ప్రార్థన చేయించావు, దాన్ని ఎందుకు వృథా చేయడం?" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"అలా అనకండమ్మా. ఇది మీ పాత్ర."

"నాదే కదా. అందుకే ఇస్తున్నాను. నాది కానిదాన్ని ఎలా ఇవ్వగలను?" ఆమె అమ్మాజీ వైపు తిరిగింది. "ఒక్కటే గుర్తుంచుకో. వర్ధనమ్మకు కోపమొస్తే అరవదు. గొంతు తగ్గిస్తుంది. ఇలా."

ఆమె మైకు ముందుకు వెళ్ళింది. తెర మీద పెదవులు కదిలాయి.

"ఈ ఇంట్లో నన్ను ఒక్క మాట అడగకుండా ఏమేం మార్చారో చెప్పండి."

అద్దానికి ఇవతల కూర్చున్న అచ్యుతరామయ్య గారు తల వంచుకున్నారు. ఆయన కళ్ళజోడు మీద నీటి చుక్కలు పడ్డాయి. ఆయన తుడుచుకోలేదు.

లీలాకుమారి మైకు దగ్గర నుంచి పక్కకు జరిగి, అమ్మాజీని భుజాలు పట్టి అక్కడ నిలబెట్టి, బయటకు వచ్చింది. ఏసుకుమార్, అమ్మాజీ, యంత్రాల దగ్గరి ఇద్దరు కుర్రవాళ్ళు ఆమె వెంట వచ్చారు. అప్పుడు అచ్యుతరామయ్య గారు లేచి, చొక్కా సర్దుకుని, చేతులు జోడించి మాట్లాడారు.

"నా పేరు అచ్యుతరామయ్య. నేను లీలాకుమారి గారి భర్తను. ఈమె నంబరును ఈమెను అడగకుండా తీసివేసినది నేను. మీరందరూ ఈమె లేదనుకోవడానికి కారణం అదే. మరెవరి తప్పూ ఇందులో లేదు. వర్ధనమ్మ పాత్రను ఈ రోజు అమ్మాజీ గారికి అప్పగించినది మాత్రం పూర్తిగా ఈమె. ఆ నిర్ణయంలో నా సలహా లేదు, నా ప్రమేయం లేదు, నాకు అంత మనసూ లేదు. శ్రీమతి లీలాకుమారి గారు చేసిన ఈ పనిని ఆమె కుటుంబం తరఫున ఇక్కడున్న వారందరి ఎదుట సగౌరవంగా గుర్తిస్తూ, ఆమెకు నమస్కరిస్తున్నాను."