కండల కారు

రికార్డింగ్ గదిలో మైకు ముందు నిలబడ్డ యువకుడు రెండో వాక్యం దగ్గరే పగలబడి నవ్వాడు. ఖంగుమనే గొంతు కాబట్టి స్టూడియోలో అందరూ అతన్ని 'గంట' అనేవారు. ఆ రోజు పని, టీవీలో కార్ల కార్యక్రమానికి వ్యాఖ్యానం చెప్పడం.

"కండల కారేంటండీ? జిమ్ముకెళ్తుందా?"

అద్దానికి అవతల, ఆ స్క్రిప్టు రాసిన అమ్మాయి మొహం జేవురించింది. అది ఆమె మొదటి స్క్రిప్టు.

"మజిల్ అంటే కండ కాదా?"

"కండే. కానీ మజిల్ కారుని మజిల్ కారనే అంటారు. పైగా స్పోర్ట్స్ కారూ అదీ ఒకటే అన్నట్టు రాశారు."

"రెండూ స్పీడుగానే పోతాయిగా!"

"పోతాయి. మజిల్ కారుకి ఒళ్లు బరువు, ఇంజిన్ పెద్దది. తిన్నని రోడ్డు దొరికితే గర్జించుకుంటూ దూసుకుపోతుంది. స్పోర్ట్స్ కారు తేలిక, నేలకి ఆనుకున్నట్టుంటుంది. దాని గొప్పంతా మలుపుల్లో."

"అంటే మొదటిది మీలాంటిది. చప్పుడెక్కువ, తిరగడం రాదు."

"రెండోది మీలాంటిది. ఏ మాటైనా మెలి తిప్పడమే!"

"అసలు మీరెప్పుడైనా నడిపారా?"

స్టూడియో అంతా అతని వైపే చూసింది. "రెండూ నడిపాను," అన్నాడు గంట. మలుపులో స్టీరింగ్ ఎలా బిగుసుకుంటుందో చేతులు తిప్పి మరీ చూపించాడు.

నిజానికి అతనికి డ్రైవింగే రాదు. కార్ల పత్రికలు చదవడం మాత్రం బాగా వచ్చు.

ఆమె స్క్రిప్టు తిరగరాసింది. కార్యక్రమం అందరికీ నచ్చింది. వారం వారం కొత్త స్క్రిప్టు, దానితో పాటే కొత్త గొడవ. ఆదివారం సెలవొస్తే ఇద్దరికీ తోచేది కాదు. వానలో బస్టాపు దాకా ఒకే గొడుగు కింద నడుస్తూ, "మీ కారేది?" అని ఆమె అడిగితే, "సర్వీసింగులో ఉంది," అనేవాడు. ఆ వానాకాలమంతా పాపం ఆ కారు సర్వీసింగులోనే ఉంది. ఈలోగా 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

చివరికి ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్లింది. తండ్రి టీవీ కట్టేసి, గంభీరంగా కూర్చున్నాడు.

"నీ ప్రోగ్రాం ఒక్కటీ వదల్లేదు బాబూ. ఒక్క మాటడుగుతాను. మా అమ్మాయిని ఎక్కించుకుని ఎంత స్పీడులో పోతావు?"

ఖంగుమనే గొంతు పీలగా అయిపోయింది. ఇప్పుడు కూడా అబద్ధమాడితే జీవితాంతం ఆడాల్సిందే.

"నాకు... డ్రైవింగ్ రాదండీ. కారు కూడా లేదు."

ఆమె చివాలున లేచింది. "మరి సర్వీసింగు? ఆ స్టీరింగు?"

"నీ ముందు చిన్నబోవడం ఇష్టంలేక అలా అనేశాను. తర్వాత చెబుదామంటే, నువ్వెక్కడ వదిలేసి పోతావోనని భయమేసింది."

ఆమె కోపంగా చూసింది. ఆ కోపం నిలవలేదు. నవ్వొచ్చేసింది.

తండ్రి కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య! వీడు నిన్నేసుకుని ఏ చెట్టుకి గుద్దుతాడోనని నాకు కంటి మీద కునుకు లేదే!"

"పోన్లే నాన్నా. ఇద్దరం కలిసి నేర్చుకుంటాం," అంది ఆమె.

"దానికేం తొందర లేదమ్మా," అన్నాడాయన కంగారుగా. "ముందు పెళ్లి సంగతి చూద్దాం!"