ప్రతిరోజూ పద్దెనిమిది

"నీళ్లకు గింత క్రమశిక్షణ ఏడికెల్లి వచ్చింది, ఉపేందర్ గారూ?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే త్రివేణి అడిగిన ప్రశ్న అది. ఉప్పల్ అవతల మూసీ పక్కనున్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆమె కొత్త ల్యాబ్ కెమిస్టు. కాలుష్య బోర్డుకు నెలనెలా రిపోర్టు పంపేది ఉపేందర్. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా, రిపోర్టు రాయడంలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం.

"ఏమైంది మేడం?"

"శుద్ధి చేసినంక నీళ్లల్ల మిగిలిన మురికి నెలంతా పద్దెనిమిదే రాసిన్రు. వానొచ్చినా పద్దెనిమిదే, పండుగొచ్చినా పద్దెనిమిదే!"

"బోర్డోళ్లు ముప్పై దాటొద్దన్నరు. దాటలేదు గద!"

"శాంపిల్ మూడు రోజులు ఒకే వేడిల, ఇంక్యుబేటర్ల ఉండాలె. ఈడ దినాం కరెంటు పోతది. మరి టెస్టు ఎట్లయింది?"

ఉపేందర్ కిటికీలోంచి వాన చూశాడు. టెస్టు పాడైన రోజు నిన్నటి అంకె దించెయ్యడం అక్కడ అందరికీ అలవాటే. తప్పని ఎవరూ అనలేదు. ఈ పెద్ద కళ్ల పిల్ల అంటోంది, అదీ నవ్వుతూ.

"గీ అంకెల మీద నేను సంతకం పెట్ట," అంది త్రివేణి.

"పదో తారీఖుకు రిపోర్టు పోకుంటే నా నౌకరీ పోతది, మేడం."

"అయితె నిజం టెస్టు చేద్దాం."

నాచారంలో ఉపేందర్ మేనమామ మొగిలయ్య పనిచేసే ఫ్యాక్టరీ ల్యాబుకు జనరేటర్ ఉంది. శాంపిల్ సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని త్రివేణి అతని బండి వెనక కూర్చుంది. వాన దంచుతోంది.

"జర మెల్లగ! సీసాలు పలుగుతయ్."

"సీసాల ఫికరేనా? నడిపేటోని ఫికర్ లేదా?"

"నడిపేటోడు తడిస్తె ఆరుతడు," అంది. కానీ తన దుపట్టా కొస అతని తలమీద కప్పింది. నాచారం ఇంత దగ్గరెందుకైందా అనిపించింది ఉపేందర్‌కు.

మూడు రోజులకు అంకె వచ్చింది. ముప్పైనాలుగు. మేనేజర్ ఉమాపతి మండిపడ్డాడు.

"ఇరవై అని రాయవయ్యా! నౌకరీ వద్దా నీకు?"

"కావాలె సార్. కానీ ఉన్నదే రాస్త."

ముప్పైనాలుగే రాశాడు. మిగతా రోజుల గడుల్లో 'కరెంటు లేదు, టెస్టు కాలేదు' అని రాశాడు. త్రివేణి సంతకం పెట్టింది. రెండు వారాలు అతనికి అన్నం సహించలేదు. అప్పుడు బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది: అంకె ఎందుకు దాటిందో వివరణ ఇవ్వండి, ల్యాబుకు వెంటనే జనరేటర్ లైను వేయించండి. ఉద్యోగం ఊసే లేదు. ఉమాపతి గొణుక్కుంటూ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు.

"ఇంకో నిజం ఉన్నది, త్రివేణీ," అన్నాడు ఉపేందర్ ఆ సాయంత్రం. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం."

'మేడం' అనే పిలుపు ఎటు పోయిందో ఆమె అడగలేదు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"నాక్కూడ. ఆదివారం రామంతాపూర్‌ల మా ఇంటికి రా. నాయన సదువు గురించి అడుగుతడు. డిగ్రీ రెండుసార్లు తప్పిన్నని చెప్పినవ్ గద, గదే చెప్పు. దాచకు."

ఆదివారం, రైల్వేలో గార్డుగా రిటైరైన ఆమె తండ్రి సీతారామయ్య కళ్లద్దాల మీదుగా చూశాడు. "డిగ్రీ ఎన్నిసార్లు తప్పినవ్, బాబూ?"

ఉపేందర్ చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ త్రివేణిని చూశాడు.

"మూడుసార్లు సార్. ఆమెకు రెండే అని చెప్పిన."

త్రివేణి నోరు తెరిచింది. సీతారామయ్య పగలబడి నవ్వాడు.

"చాయ్ గాదు బిడ్డా," అన్నాడు కూతురితో. "పిలగానికి అన్నం పెట్టు."